హిమతలంపై భ్రమరి

అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రములోని ప్రవరుని వృత్తాంతం తెలుగు విద్యార్థులకు సుపరిచితమైనది. సిద్ధుడు ప్రసాదించిన పాదలేపనం మహిమతో ప్రవరుడు హిమాలయాలకు చేరుకుంటాడు. అక్కడి వింతలన్నీ తనివితీరా చూసి, ఇల్లు చేరదామని తలచేసరికి పాదాలకు పూసుకున్న పసరు మంచునీటిలో కరిగిపోయి ఉంటుంది. రెప్పపాటులో వచ్చినవాడు తిరిగి వెళ్ళలేక ఆ కొండలలో చిక్కుకుపోతాడు. కథ మొత్తం మలుపు తిరగడానికి కారణం పాదానికీ మంచుకూ నడుమ చేరిన కొద్దిపాటి తడి.

పాదానికీ మంచుకూ నడుమ ఏమున్నది అన్న ప్రశ్న కావ్యానికి మాత్రమే పరిమితం కాదు. అది శాస్త్రజ్ఞులను నూట డెబ్బై ఏళ్ళకు పైగా ఆలోచింపజేసింది. ప్రవరుని గమనాన్ని ఆపిన ఆ తడే ఐస్ స్కేటింగ్ క్రీడాకారుని గమనానికి ఆధారం. నున్నని మంచుపలకపై పక్షిలా సాగిపోవడం, అంతలోనే ఒక కాలిపై నిలిచి బొంగరంలా తిరగడం చూసేవారికి ఇంద్రజాలంగా తోస్తుంది. ఆ ఇంద్రజాలం వెనుక ఉన్నవి తరగతి గదిలో బోధించే గతిసూత్రాలే.

మంచు లేని సీమ

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ప్రజలకు గడ్డకట్టిన నీరు కనబడేది పండ్లరసాల అంగడిలోనో, ఇంటి ఫ్రిజ్‌లోనో మాత్రమే. హార్స్‌లీ కొండల మీద సైతం శీతకాలంలో కనిపించేది పొగమంచే. తెలుగులో 'మంచు' అన్న ఒక్క మాట తెల్లవారుజామున గడ్డిపరకపై నిలిచే బిందువుకూ, లోయలో కమ్ముకునే పొగకూ, హిమాలయ శిఖరాన్ని కప్పిన తెల్లని పొరకూ సమానంగా చెల్లుతుంది. గడ్డకట్టే మంచుతో నిత్యం పనిపడని సీమలో ఇన్ని మాటల అవసరం కలగకపోవడం సహజం.

మన దేశంలో ఈ క్రీడకు తావు లేకపోలేదు. సిమ్లా నగరంలో 1920 నుండి సహజ హిమతలంపై స్కేటింగ్ జరుగుతున్నది. అక్కడ శీతకాలపు సాయంకాలం మైదానంలో నీరు పారించి వదిలితే, రాత్రి చలికి అది గడ్డకట్టి ఉదయానికి ఆటస్థలమవుతుంది. డెహ్రాడూన్‌లో 2011లో దక్షిణాసియా శీతకాల క్రీడల కోసం కప్పు కింద కృత్రిమ హిమతలాన్ని నిర్మించారు.

తెలుగు నేలపై మంచుకు బదులు చక్రాలు ఆ పని చేస్తున్నాయి. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా చక్రాల స్కేట్లపై కళాత్మక విన్యాసాలు చేసి, 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో రెండు కాంస్య పతకాలు గెలుచుకున్నాడు. 2015 సంవత్సరానికి అర్జున పురస్కారాన్ని అందుకున్నాడు. బ్లేడు మంచుపై జారినా, చక్రం నేలపై దొర్లినా, నెట్టడానికీ తిరగడానికీ వర్తించే సూత్రాలు ఒక్కటే. కాబట్టి ఈ విషయాన్ని గ్రహించడానికి హిమాలయాల దాకా వెళ్ళవలసిన పని లేదు.

నేలను నెట్టడమే నడక

నడక అంటే ముందుకు అడుగు వేయడమని అందరూ భావిస్తారు. నిజానికి నడక అంటే నేలను వెనుకకు నెట్టడం. పాదం నేలను వెనుకకు నెడితే, నేల పాదాన్ని అంతే బలంతో ముందుకు నెడుతుంది. చర్యకు ప్రతిచర్య సమానంగానూ, వ్యతిరేక దిశలోనూ ఉంటుందన్న న్యూటన్ మూడవ గమన నియమం ఇదే. పాదం వెనుకకు జారిపోకుండా నిలిపేది ఘర్షణ. ఘర్షణ తగ్గితే నెట్టడం సాధ్యం కాదు. నెట్టలేకపోతే నడక సాగదు.

అలిపిరి మెట్లదారిలో వాన కురిసినప్పుడు భక్తుల నడక మారడం గమనించవచ్చు. అంతవరకు చకచకా మెట్లెక్కినవారు అడుగులు చిన్నవి చేస్తారు. పాదాన్ని నిటారుగా మోపుతారు. తడిసిన రాతి మెట్టు పక్కబలాన్ని ఎక్కువగా భరించలేదని వారికి ఎవరూ సూత్రం చెప్పి ఉండరు. శరీరమే ఆ లెక్క కట్టుకుంటుంది.

పొడి రోడ్డుకూ రబ్బరుకూ నడుమ ఘర్షణ గుణకం సుమారు 0.7 ఉంటుంది. మంచుకూ స్కేటు బ్లేడుకూ నడుమ అది సుమారు 0.005 మాత్రమే. అంటే 60 కిలోల మనిషిని మంచుపై సమవేగంతో కదిలించడానికి 300 గ్రాముల బరువును మోయగల బలం చాలు. ఇంత తక్కువ ఘర్షణ ఎలా సాధ్యమైంది?

జారుడు రహస్యం

ఈ ప్రశ్నకు మొదట వచ్చిన సమాధానం పీడనానికి సంబంధించినది. నీరు గడ్డకట్టినప్పుడు వ్యాకోచిస్తుంది. అందుకే మంచుగడ్డ నీటిపై తేలుతుంది. అటువంటి పదార్థాన్ని గట్టిగా నొక్కితే అది తక్కువ చోటు ఆక్రమించే ద్రవరూపానికి మొగ్గుతుంది. అంటే పీడనం పెరిగితే మంచు ద్రవీభవన స్థానం తగ్గుతుంది. జేమ్స్ థామ్సన్ 1849లో ఈ సంగతిని సిద్ధాంతరీత్యా నిరూపించాడు. 1886లో ఐర్లండుకు చెందిన జాన్ జోలీ దీనిని స్కేటింగ్‌కు అన్వయించాడు. సన్నని బ్లేడు మీద మనిషి బరువంతా పడుతుంది కనుక అడుగున మంచు కరిగి, ఆ నీటిపొరపై బ్లేడు జారుతుందని ఆయన వివరణ. చక్కగా, నమ్మదగినదిగా ఉన్న ఈ వివరణ శతాబ్దికి పైగా ఎన్నో పాఠ్యపుస్తకాలలో నిలిచిపోయింది.

అయితే లెక్క కట్టి చూసినప్పుడు దాని లోపం బయటపడుతుంది. 60 కిలోల స్కేటర్ భారం సుమారు 600 న్యూటన్లు. బ్లేడు వెడల్పు 4 మిల్లీమీటర్లు, మంచుకు ఆనే భాగం పొడవు 10 సెంటీమీటర్లు అనుకుంటే, వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లు. అప్పుడు పీడనం సుమారు 15 వాతావరణాలు. మంచు ద్రవీభవన స్థానం ఒక్క డిగ్రీ తగ్గడానికి దాదాపు 135 వాతావరణాల పీడనం కావాలి. కాబట్టి స్కేటర్ బరువు వల్ల ద్రవీభవన స్థానం తగ్గేది డిగ్రీలో పదో వంతు మాత్రమే. బ్లేడు అంచులు మాత్రమే ఆని, వైశాల్యం మరో పది రెట్లు తగ్గిందనుకున్నా తగ్గుదల ఒక డిగ్రీకి కొంచెం ఎక్కువ. స్కేటింగ్ జరిగే మంచు ఉష్ణోగ్రత మాత్రం సాధారణంగా సున్నాకు నాలుగు నుండి ఏడు డిగ్రీలు తక్కువగా ఉంటుంది. అంత చల్లని మంచును ఆ పీడనం కరిగించలేదు. పైగా, వెడల్పాటి అడుగు గల మామూలు చెప్పులతో నడిచేవారు కూడా మంచుపై జారిపడుతూనే ఉంటారు. వారి విషయంలో పీడనం మరీ స్వల్పం.

1939లో బౌడెన్, హ్యూజ్ అనే శాస్త్రజ్ఞులు మరొక కారణం చూపించారు. బ్లేడు కదిలేటప్పుడు ఘర్షణ వల్ల వేడి పుడుతుంది. ఆ వేడికి మంచు ఉపరితలం కరిగి పలుచని నీటిపొర ఏర్పడుతుంది. అంటే ఘర్షణే తన శత్రువును తాను సృష్టించుకుంటుందన్నమాట. ఈ వివరణ చాలావరకు సమంజసమే. కాని కదలకుండా నిలబడిన మనిషి కాలు కూడా మంచుపై జారుతుంది గదా! కదలిక లేనిచోట ఘర్షణవల్ల పుట్టే వేడి ఎక్కడిది?

ఈ సందేహానికి సమాధానపు బీజం 1850లోనే పడింది. మైకేల్ ఫారడే రెండు మంచుముక్కలను ఒకదానికొకటి ఆనించినప్పుడు అవి అతుక్కుపోవడం చూసి, మంచు ఉపరితలంపై సహజంగానే ద్రవం వంటి పలుచని పొర ఉంటుందని ప్రతిపాదించాడు. మంచుగడ్డ లోపలి నీటి అణువుకు నలువైపులా పొరుగు అణువులుంటాయి. అది కట్టుబడి ఉంటుంది. ఉపరితలంపై ఉన్న అణువుకు పై వైపున పట్టుకునేవారు లేరు. అందుచేత అది సులువుగా కదలగలదు. ఊరి నడుమ ఇంటికి నాలుగు వైపులా గోడల ఆసరా ఉంటుంది. ఊరి చివరి ఇంటికి ఒక వైపు ఆసరా ఉండదు. అటువంటిదే ఈ స్థితి. ఉష్ణోగ్రత బాగా తగ్గినకొద్దీ ఈ అణువుల చలనం మందగిస్తుంది. అందుకే తీవ్రమైన చలిలో మంచుబండ్లు లాగిన ధ్రువ యాత్రికులకు అది ఇసుకపై లాగినంత కష్టంగా తోచింది. ఉపరితల స్వభావం, ఘర్షణ వేడి, ఒత్తిడి అనే మూడింటిలో దేని పాలు ఎంత అన్న విషయంపై ఇరవై ఒకటవ శతాబ్దిలో కూడా పరిశోధనలు సాగుతున్నాయి.

జారే నేలపై నెట్టడం ఎట్లు?

ఘర్షణ దాదాపుగా లేనిచోట నడక సాగదని పైన చెప్పుకున్నాము. మరి స్కేటర్ ముందుకు ఎలా పోగలుగుతాడు? దీనికి కీలకం బ్లేడు ఆకారంలో ఉంది. బ్లేడు తన పొడవు దిశలో ఎంతో సులువుగా జారుతుంది. అడ్డంగా మాత్రం కదలదు; దాని పదునైన అంచు మంచులోకి దిగి పట్టు బిగిస్తుంది. ఒకే బ్లేడు ఒక దిశలో స్వేచ్ఛనూ, దానికి లంబదిశలో కట్టడినీ ఇస్తున్నది. చక్రాల స్కేటు కూడా ఇంతే. చక్రం తాను దొర్లే దిశలో సాగుతుంది. పక్కకు నెడితే నేలను పట్టుకుంటుంది.

స్కేటర్ ఒక కాలిని కొద్దిగా వెలుపలికి తిప్పి, బ్లేడుకు అడ్డంగా మంచును నెడతాడు. మంచు అతనిని ఎదురు నెడుతుంది. బ్లేడు ఏటవాలుగా ఉన్నందువల్ల ఆ ప్రతిచర్యలో కొంత భాగం అతనిని పక్కకూ, కొంత భాగం ముందుకూ తోస్తుంది. మరుక్షణం రెండవ కాలితో రెండవ వైపు నెట్టినప్పుడు పక్క భాగాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ముందు భాగాలు మాత్రం కూడుకుంటాయి. అందుకే స్కేటర్ దారి తిన్నని గీతలా కాక, ఇటూ అటూ ఒరుగుతూ సాగే మెలికల ముగ్గులా ఉంటుంది.

ఈ పద్ధతిలో ఒక గొప్ప సౌలభ్యం ఉంది. పరుగెత్తేవాని పాదం నేలను తాకిన క్షణంలో నిలకడగా ఉంటుంది. శరీరం ఎంత వేగంతో ముందుకు పోతున్నదో, కాలు శరీరానికి వెనుకగా అంత వేగంతో కదలాలి. కాలు ఊపగల వేగానికి పరిమితి ఉంది గనుక పరుగు వేగానికీ పరిమితి ఉంది. స్కేటర్ నెట్టే కాలు శరీరంతోపాటే ముందుకు జారుతూ పక్కకు మాత్రమే నెడుతుంది. కాబట్టి వేగం పెరిగినా నెట్టడానికి వీలు పోదు. 2009లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్ల దూరాన్ని 9.58 సెకన్లలో పరుగెత్తాడు. సగటు వేగం సెకనుకు సుమారు 10.4 మీటర్లు. 2019లో రష్యాకు చెందిన పావెల్ కులిజ్నికోవ్ 500 మీటర్ల దూరాన్ని మంచుపై 33.61 సెకన్లలో పూర్తి చేశాడు. సగటు వేగం సెకనుకు సుమారు 14.9 మీటర్లు. ఐదు రెట్ల దూరం, అయినా ఎక్కువ వేగం.

నెట్టే బలమే కాక, ఎంత దూరం నెడుతున్నారన్నది కూడా ముఖ్యమే. బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేది పని. పాత స్కేట్లలో బ్లేడు బూటుకు రెండు చోట్ల బిగించి ఉండేది. కాలు పూర్తిగా చాపేలోపే బ్లేడు మంచును విడిచేది. మడమ వద్ద బ్లేడు విడివడేలా ముందు భాగంలో మాత్రమే కీలు అమర్చిన క్లాప్ స్కేటును నెదర్లాండ్స్ పరిశోధకులు రూపొందించారు. దానితో కాలు చివరి వరకు చాచినా బ్లేడు మంచును అంటిపెట్టుకొని ఉంటుంది. 1998లో జపానులోని నగానోలో జరిగిన శీతకాల ఒలింపిక్స్ నాటికి ఈ స్కేటు వేగపు పోటీల స్వరూపాన్నే మార్చివేసింది. తలుపుకు ఉండే కీలు వంటి చిన్న అమరిక క్రీడాకారుల ఏళ్ళ సాధనకు తోడై రికార్డులను తిరగరాసింది.

మలుపు తిరిగే వేళ

మలుపులో స్కేటర్ లోపలికి ఒరగడం కూడా నియమబద్ధమే. తిరుమల కనుమ దారిలో ద్విచక్రవాహనం నడిపేవారు ప్రతి మలుపులోనూ లోపలి వైపుకు వంగుతారు. వంగకపోతే వాహనం వెలుపలికి పడిపోతుంది. వృత్తాకార మార్గంలో సాగే ప్రతి వస్తువుకూ కేంద్రం వైపు లాగే అభికేంద్ర బలం కావాలి. స్కేటర్ విషయంలో ఆ బలాన్ని ఇచ్చేది మంచులో దిగిన బ్లేడు అంచు. సెకనుకు 14 మీటర్ల వేగంతో, 26 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో పోయే స్కేటర్ నిటారు రేఖ నుండి సుమారు 37 డిగ్రీలు ఒరగవలసి ఉంటుంది. అంతకన్నా తక్కువ ఒరిగితే బయటికి తూలుతాడు. ఎక్కువ ఒరిగితే లోపలికి పడతాడు. తప్పుకు మన్నన లేని లెక్క ఇది.

ఏకపాద భ్రమరి, ఆకాశ భ్రమరి

నందికేశ్వరుడు అభినయదర్పణంలో నాట్యానికి సంబంధించిన భ్రమరులను ఏడింటిని పేర్కొన్నాడు. ఒంటికాలిపై తిరగడం ఏకపాద భ్రమరి. ఎగిరి గాలిలో తిరగడం ఆకాశ భ్రమరి. మంచును చూసి చేసిన వర్గీకరణ కాకపోయినా, నేటి స్కేటింగ్‌లోని రెండు ప్రధాన విన్యాసాలకు ఈ పేర్లు అతికినట్లు సరిపోతాయి.

స్కేటర్ మొదట వంపు మార్గంలో వచ్చి, ఆ వంపును క్రమంగా బిగిస్తూ ఒక బిందువు వద్ద తిరగడం మొదలుపెడతాడు. ఆ సమయంలో చేతులూ, ఒక కాలూ వెలుపలికి చాపి ఉంటాయి. తరువాత వాటిని మెల్లగా దగ్గరికి తీసుకుంటాడు. ఎవరూ తోయకుండానే వేగం పెరుగుతుంది. చివరకు ముఖం ఆనవాలు పట్టలేనంతగా తిరుగుతాడు. ఆ వేగం ఎక్కడి నుండి వచ్చింది?

తిరిగే వస్తువుకు రెండు లక్షణాలు ముఖ్యం. ఎంత వేగంగా తిరుగుతున్నదన్నది ఒకటి. దాని ద్రవ్యరాశి అక్షానికి ఎంత దూరంగా పరచుకొని ఉన్నదన్నది రెండవది. ఈ రెండవదానిని జడత్వ భ్రామకం అంటారు. ద్రవ్యరాశి అక్షానికి రెట్టింపు దూరంలో ఉంటే, తిప్పడానికి అది నాలుగు రెట్లు మొరాయిస్తుంది. జడత్వ భ్రామకాన్ని కోణీయ వేగంతో గుణిస్తే వచ్చేది కోణీయ ద్రవ్యవేగం. బయటి నుండి మెలితిప్పే బలం లేనంతవరకు ఇది మారదు. ఒకటి తగ్గితే రెండవది పెరిగి తీరాలి.

ఉదాహరణకు, చేతులు చాపినప్పుడు స్కేటర్ జడత్వ భ్రామకం 4 ప్రమాణాలు, సెకనుకు భ్రమణాలు ఒకటిన్నర అనుకుందాం. చేతులు ముడుచుకున్నప్పుడు జడత్వ భ్రామకం 1 ప్రమాణానికి తగ్గితే, భ్రమణాలు సెకనుకు 6 అవుతాయి. ఇది ఊహాలోకపు సంఖ్య కాదు. 2015లో పోలండు రాజధాని వార్సాలో ఒలీవియా ఆలివర్ అనే స్కేటర్ నిమిషానికి 342 భ్రమణాల వేగాన్ని అందుకున్నది. అంటే సెకనుకు దాదాపు 5.7 భ్రమణాలు.

ఇక్కడ విద్యార్థికి ఒక సందేహం కలగాలి. కోణీయ ద్రవ్యవేగం మారలేదు, సరే. గతిజ శక్తి మాటేమిటి? పై ఉదాహరణలో జడత్వ భ్రామకాన్ని కిలోగ్రామ్-మీటరు వర్గాలలో తీసుకొని లెక్కకడితే, మొదటి శక్తి సుమారు 178 జౌళ్ళు, చివరి శక్తి సుమారు 711 జౌళ్ళు. నాలుగు రెట్లయింది. శక్తి శూన్యం నుండి పుట్టదు. తిరుగుతున్నప్పుడు చేతులు బయటికి ఎగిరిపోవాలని చూస్తాయి. వాటిని లోపలికి లాగడానికి కండరాలు పని చేయాలి. అదనంగా కనిపించిన 533 జౌళ్ళు ఆ పని ఫలమే. 50 కిలోల బియ్యం మూటను మీటరు ఎత్తు లేపడానికి పట్టే శక్తికన్నా అది కొంచెం ఎక్కువ. చూసేవారికి చేతులు ముడుచుకున్నట్లు మాత్రమే కనిపిస్తుంది. చేసేవారు ఒక మూట ఎత్తినంత పని చేస్తారు.

ఆకాశ భ్రమరి మరింత కఠినం. కాలు మంచును విడిచిన తరువాత కోణీయ ద్రవ్యవేగాన్ని పెంచుకునే మార్గమే లేదు. నేల నుండి తెచ్చుకున్నదానితోనే సరిపెట్టుకోవాలి. గాలిలో ఉండే కాలం సెకనుకన్నా తక్కువ. 2022 సెప్టెంబరులో అమెరికాకు చెందిన ఇలియా మలీనిన్ నాలుగున్నర భ్రమణాల ఎగురును అధికారిక పోటీలో తొలిసారిగా విజయవంతంగా పూర్తి చేశాడు. సెకనుకు ఆరు భ్రమణాల వేగంతో తిరిగేవాడు దిగే క్షణాన్ని సెకనులో పన్నెండో వంతు తప్పినా సగం చుట్టు తేడా వస్తుంది. దిగవలసిన వైపుకు వ్యతిరేకంగా దిగుతాడు. దిగేటప్పుడు ఒంటికాలిపై శరీర భారానికి అనేక రెట్ల బలం పడుతుంది. ఆ క్షణంలో స్కేటర్ చేతులు విశాలంగా చాపడం అందం కోసం మాత్రమే కాదు. జడత్వ భ్రామకాన్ని పెంచి, భ్రమణ వేగాన్ని తగ్గించుకొని, పడిపోకుండా నిలవడానికి.

శ్రీహరికోట నుండి

బూట్లతో ఒక బాలుడు ఏమాత్రం ఘర్షణ లేని మంచుపలక నడుమ నిలిచిపోయాడనుకుందాం. నడవలేడు, నెట్టడానికి ఆధారం లేదు. అతడు కిలో బరువున్న ఒక బూటు విప్పి సెకనుకు 3 మీటర్ల వేగంతో విసిరితే, 60 కిలోల అతని శరీరం వ్యతిరేక దిశలో సెకనుకు 5 సెంటీమీటర్ల వేగంతో జారుతుంది. ఒడ్డు 15 మీటర్ల దూరంలో ఉంటే ఐదు నిమిషాలలో చేరుకుంటాడు. ఇద్దరు స్కేటర్లు అరచేతులు ఆనించి ఒకరినొకరు నెట్టుకున్నప్పుడు జరిగేదీ ఇదే. 60 కిలోలవాడు సెకనుకు 2 మీటర్ల వేగంతో వెనుకకు పోతే, 40 కిలోలవాడు 3 మీటర్ల వేగంతో పోతాడు. ద్రవ్యవేగాల మొత్తం మాత్రం మొదట ఉన్నట్లే సున్నా.

తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుండి ఎగిరే ప్రతి రాకెట్టూ ఆ బాలుని వంటిదే. అది విసిరేది బూటును కాదు, మండిన వాయువును. ఒకసారి కాదు, ఎడతెరిపి లేకుండా. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసుకొని పైకి లేచిన వాహనం గాలిని నెట్టి పైకి పోలేదు. తన వాయువులను తానే కిందికి నెట్టి పోయింది. ఈ సంగతి ఒకప్పుడు చదువుకున్నవారికి కూడా నమ్మశక్యం కాలేదు. 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక, శూన్యంలో నెట్టడానికి ఏమీ ఉండదు గనుక అక్కడ రాకెట్టు పనిచేయదని, రాబర్ట్ గొడార్డ్ అనే శాస్త్రజ్ఞునికి ఉన్నత పాఠశాలలో నేర్పే జ్ఞానం కూడా లేదని సంపాదకీయంలో ఎగతాళి చేసింది. 1969 జూలై 17న, మానవులు చంద్రుని వైపు ప్రయాణిస్తున్న వేళ, ఆ పత్రిక తన పొరపాటును ఒప్పుకున్నది. అప్పటికి గొడార్డ్ మరణించి ఇరవై నాలుగేళ్ళు.

అంతరిక్షంలో చేరిన తరువాత ఉపగ్రహం తన ముఖాన్ని కావలసిన దిక్కుకు తిప్పుకోవాలి. అక్కడ పట్టు దొరికే నేల లేదు, మంచు లేదు. అందుకే అనేక ఉపగ్రహాల లోపల చిన్న చక్రాలను అమరుస్తారు. మోటారు ఒక చక్రాన్ని కుడివైపు తిప్పితే, మొత్తం కోణీయ ద్రవ్యవేగం మారకూడదు గనుక ఉపగ్రహం ఎడమవైపు తిరుగుతుంది. ఉపగ్రహ జడత్వ భ్రామకం చక్రానికి వెయ్యి రెట్లుంటే, చక్రం వెయ్యి చుట్లు తిరిగినప్పుడు ఉపగ్రహం ఒక చుట్టు తిరుగుతుంది. చేతులు ముడిచే స్కేటర్ నమ్ముకున్న నియమాన్నే ఈ యంత్రమూ నమ్ముకున్నది.

ఆ చక్రాలు నిలిచిపోతే ఏమవుతుందో అమెరికా వారి కెప్లర్ టెలిస్కోపు వల్ల తెలిసింది. 2009లో నాలుగు చక్రాలతో వెళ్ళిన ఆ టెలిస్కోపు ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను వెదికేది. ఒకే దిక్కున నిశ్చలంగా చూడడానికి కనీసం మూడు చక్రాలు కావాలి. 2012లో ఒకటి, 2013 మేలో మరొకటి చెడిపోయాయి. ఎదుట అసంఖ్యాక నక్షత్రాలున్నా చూపు నిలవని స్థితి ఏర్పడింది. సూర్యకాంతి కలిగించే అతి స్వల్పమైన పీడనాన్నే ఊతంగా చేసుకొని, మిగిలిన రెండు చక్రాలతో దానిని నిలిపే ఉపాయాన్ని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. 2014 నుండి 2018 వరకు అది తిరిగి పనిచేసింది. నియమం తెలిసినవారికే ఆ ఉపాయం తట్టింది.

ఏది ప్రమాణం?

న్యాయశాస్త్రం జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు చెప్పింది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. తిరిగే కుర్చీలో కూర్చొని, రెండు చేతులలో బరువైన పుస్తకాలు పట్టుకొని, మిత్రుడు మెల్లగా తిప్పినప్పుడు చేతులను దగ్గరికి తీసుకుంటే వేగం పెరగడం ప్రత్యక్షం. జడత్వ భ్రామకం ఎంత తగ్గితే వేగం ఎంత పెరుగుతుందో లెక్కకట్టి ముందుగా చెప్పగలగడం అనుమానం. ఎన్నడూ చూడని హిమతలాన్ని తడిసిన అలిపిరి మెట్టుతోనూ, స్కేటర్‌ను వీధిలోని బొంగరంతోనూ పోల్చి గ్రహించడం ఉపమానం.

శబ్దం అంటే ఆప్తవాక్యం. విశ్వసనీయుడైనవాడు చెప్పిన మాట. విద్యార్థి నేర్చుకునేదానిలో అధికభాగం దీని ద్వారానే లభిస్తుంది. అందువల్ల దాని విలువ తక్కువది కాదు. కాని మంచు పీడనంవల్ల కరుగుతుందన్న వివరణ శతాబ్దికి పైగా పుస్తకాలలో నిలిచింది. శూన్యంలో రాకెట్టు కదలదన్న మాట పేరున్న పత్రికలో అచ్చయింది. మొదటిదానిని బయటపెట్టడానికి కావలసినది భారాన్ని వైశాల్యంతో భాగించే ఒక్క భాగహారం. రెండవదానికి కావలసినది న్యూటన్ మూడవ నియమాన్ని సరిగా చదవడం. ఈ రెండూ ఇంటర్మీడియట్ విద్యార్థి చేయగల పనులే. అచ్చులో ఉన్నదానిని గౌరవించాలి. గౌరవిస్తూనే ఒకసారి లెక్క కట్టి చూడాలి. ఈ పాఠానికి కూడా అందులో మినహాయింపు లేదు.